వానల తర్వాత అవుట్‌బోర్డు ఇంజను మొగ దగ్గర ఆగిపోతోంది, పెట్రోల్లో ఇథనాల్ వల్లేనా?

ఎన్నూరు పడవ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. ఇంటికి బువ్వ పెట్టే ఇంజను కాబట్టి ఏదీ వదలకుండా రాస్తున్నాను.

నేనుండేది తండయార్‌పేటలో. మా బాబాయి ఎన్నూరులో వేట చేస్తాడు. 28 అడుగుల ఫైబర్ బోటు, వెనక 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు. రెండు సిలిండర్లు, ఒకటే కార్బరేటర్, పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోసే రకం. కొన్న రోజుల్లో ఇథనాల్ అనే మాట మా పేటలో ఎవరి నోటా వినలేదు. 24 లీటర్ల ఎర్ర ప్లాస్టిక్ ట్యాంకు, మధ్యలో పిసికే బల్బు ఉన్న నల్ల ట్యూబు, ఈ రెండూ ఇంజనుతో పాటు వచ్చినవే.

కార్తీకంలో వాయుగుండాలు మొదలవగానే బోటుని గట్టు మీదకి లాగి అడుగున ఫైబర్ పని పెట్టుకున్నాం. ఇంజను ఇంటికి తెచ్చి స్టాండుకి తగిలించాం. ట్యాంకు మాత్రం సగానికి పైగా పెట్రోలుతో బోటులోనే, టార్పాలిన్ కింద ఉంది. సంక్రాంతి పోయాక మళ్ళీ నీళ్ళలోకి దించాం. అప్పటినుంచి ఈ తంటా.

డ్రమ్ములో నీళ్ళు పోసి తిప్పితే ఒక్క లాగుకే అందుకుంటుంది. క్రీక్‌లో నెమ్మదిగా పోతున్నంతసేపూ ఏ వంకా లేదు. క్రీక్ సముద్రంలో కలిసే మొగ దగ్గర అల మీద అల లేస్తుంటే దాటడానికి బాబాయి థ్రాటిల్ పూర్తిగా తిప్పుతాడు. సరిగ్గా అక్కడే ఇంజను గొంతు మారి, రెండు మూడు సార్లు పట్టి పట్టి ఆగిపోతుంది. ఎవరో ఒకరు బల్బు పిసుకుతూ కూర్చుంటే మళ్ళీ అందుకుంటుంది. పిసకడం ఆపితే బల్బు తనంతట తనే చదునుగా నొక్కుకుపోతుంది. బోటు అడ్డం తిరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందులో నలుగురు ఉంటారు.

మాకు తెలిసిన మెకానిక్ కార్బరేటర్ విప్పి కడిగారు, ప్లగ్గులు మార్చారు. అయినా అంతే. కార్బరేటర్ గిన్నెలో తెల్లటి పొడి గట్టిగా అంటుకుని ఉంది. తీసిన ప్లగ్గుల పింగాణీ సున్నం తెలుపు. "20 శాతం ఇథనాల్ పెట్రోలు చేసిన పని ఇది, పాత ఇంజన్లకి ఇక కాలం చెల్లింది, కొత్తది తీసుకోండి" అన్నారు. బాబాయి పిన్ని గాజులు కుదువ పెట్టే ఆలోచనలో ఉన్నాడు. అంతదాకా పోకముందు తెలిసినవాళ్ళని అడుగుదామని వచ్చాను. నిజంగా ఇథనాలేనా? ట్యాంకులో మిగిలిన పెట్రోలు వాడొచ్చా? ఇకముందు ఏ పెట్రోలు పొయ్యాలి?

కోవళం ఫోర్ స్ట్రోకు:

మాది ఫోర్ స్ట్రోక్ 60, ఇంజెక్షన్ ఇంజను, అలల ఆట నేర్పేవాళ్ళ వెంట కాపలా బోటుకి వాడతాం. మీకున్న లక్షణాలే మాకూ కనిపించాయి. మా ఇంజన్లో హైప్రెషర్ పంపు కూర్చునే చిన్న గిన్నె ఒకటి ఉంటుంది, వేపర్ సెపరేటర్ అంటారు. దాని అడుగున ఉన్న జల్లెడ మొత్తం గోధుమరంగు జిగురుతో మూసుకుపోయింది. మీది కార్బరేటర్ కాబట్టి ఆ భాగం ఉండదు, కానీ ఆ జిగురు మాత్రం ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

ఆ తర్వాత ట్యాంకుకీ ఇంజనుకీ మధ్య నీళ్ళు వేరుచేసే ఫిల్టర్ పెట్టించాం, 10 మైక్రాన్లది, కింద గిన్నె పారదర్శకంగా ఉండే రకం. ప్రతి ఉదయం బయల్దేరే ముందు ఆ గిన్నె చూస్తాం. మీరూ అది పెట్టించండి. పాత పెట్రోల్లో ఇథనాల్ చెరుపుకి విరుగుడుగా అమ్మే మందు సీసా ఒకటి కలిపితే సరిపోతుందనుకుంటా, బజార్లో దొరుకుతుంది. ఇక్కడ కొందరు కాస్త కిరసనాయిలు కలుపుకుంటే ఇథనాల్ బాధ తగ్గుతుందంటున్నారు, నేను చేసి చూడలేదు.

కాశిమేడు మెకానిక్:

తమ్ముడూ, ముందు మీ బాబాయికి ఫోన్ చేసి గాజులు బయటికి తీయొద్దని చెప్పు. ఇంజను మార్చేదానికి నువ్వు రాసిందాంట్లో ఒక్క కారణం కూడా లేదు.

నువ్వు రాసినవాటిలో నేను పట్టుకునేది ఒకటే, బల్బు చదునుగా నొక్కుకుపోతోంది అన్నావు చూడు, అది. బల్బుకి ముందు దారి మూసుకుపోతేనే అట్లా అవుతుంది. ఇంజను పెట్రోలు పంపు తన పని తాను చేస్తా ఉంది, లాగుతా ఉంది. ట్యాంకు వైపు నుంచి రావాల్సింది రావట్లా. పంపు డయాఫ్రం, అంటే లోపల కొట్టుకునే పల్చటి పొర, చచ్చిపోయి ఉంటే బల్బు మెత్తగా ఉంటుందే గానీ నొక్కుకుపోదు. కార్బరేటర్ మూసుకుపోయి ఉంటే బల్బు రాయిలా గట్టిగా నిలబడుతుంది. కాబట్టి కార్బరేటర్ ఎన్నిసార్లు కడిగినా ఈ జబ్బు పోదు, జబ్బు అక్కడ లేదు.

బల్బుకి ట్యాంకుకి మధ్య చూడాల్సినవి తక్కువే. ట్యాంకు మూత మీద గాలి మర తెరిచి ఉందా? అది బిగిసిపోతే ట్యాంకు కూడా లోపలికి పీక్కుపోతుంది, కంటికి తెలుస్తుంది. ట్యాంకు లోపల పీల్చే గొట్టం చివర జల్లెడ ఉంటుంది, అది చూడు. ఆ తర్వాత ట్యూబు. పైకి నల్లగా నున్నగా బాగానే ఉంటుంది, లోపలి పొర ఊడి మడత పడి ఉంటుంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఆ సందులోనుంచి చాలినంత పెట్రోలు వస్తుంది. థ్రాటిల్ తిప్పగానే ఎక్కువ లాగుతుంది, ఊడిన పొర దారికి అడ్డం పడుతుంది. మొగ దగ్గరే ఆగిపోయేది అందుకు.

తేల్చుకునే పద్ధతి చెప్తా. పక్క బోటువాళ్ళ ట్యాంకు, ట్యూబు, బల్బు మూడూ కలిపి అరువు తెచ్చుకో, తాజా పెట్రోలుతో. కనెక్టరు సరిపోయేదిగా చూసుకో. క్రీక్‌లోనే ఫుల్ థ్రాటిల్‌లో ఓ పావుగంట తిప్పు. ఆగకపోతే మీ ఇంజను నిర్దోషి. ఇది తేలేదాకా ఎవరు పిలిచినా మొగ దాటొద్దు. దాటక తప్పదంటే పక్కన ఇంకో బోటు ఉండాలి, తాడు చేతిలో ఉండాలి.

ఇప్పుడు ట్యాంకు. వానాకాలం అంతా బయటున్న పెట్రోలు అన్నావు కదా, దాన్ని కదపకుండా అడుగునుంచి ఒక లీటరు గాజు సీసాలోకి తీసి, కాసేపు నిలబెట్టి చూడు. ఇథనాల్ నీళ్ళని లాక్కుంటుంది. కొంత వరకు లోపలే కలుపుకుంటుంది, కంటికి కనిపించదు. ఆ హద్దు దాటిందంటే నీళ్ళు, ఇథనాల్ జంటగా పెట్రోలుని వదిలేసి అడుక్కి దిగిపోతాయి. మన పీల్చే గొట్టం ఉండేది కూడా అడుగునే.

టూ స్ట్రోకు పెట్టుకున్న ప్రతివాళ్ళూ గుర్తుపెట్టుకోవాల్సింది ఏందంటే, మనం కలిపిన ఆయిలు ఆ కింది పొరలోకి రాదు. పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఫోర్ స్ట్రోకుకి ఆయిలు వేరే సంపులో ఉంటుంది, వాళ్ళకి ఆ కింది పొర పోతే ఇంజను ఆగుతుంది, అంతవరకే. మనకి క్రాంకు బేరింగులకి, పిస్టన్‌కి ఆయిలు అందేది పెట్రోలు దారినే. కింది పొర పీల్చిందంటే బేరింగులు ఎండుతాయి, పైగా నీళ్ళతో కడిగినట్టవుతుంది. చాలా టూ స్ట్రోక్ ఆయిళ్ళకి రంగు కలిపి అమ్ముతారు. సీసాలో పైన రంగు ఉండి కింద లేకపోతే నేను చెప్పేది నీ కళ్ళకే కనిపిస్తుంది.

ఇథనాల్ తప్పు ఎంత అని అడిగావు. మన దేశంలో 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైంది. 2022 జూన్‌కి 10 శాతానికి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో 20 శాతం పెట్రోలుని మొదలుపెట్టారు, 2025 నాటికి మనం మామూలు పెట్రోలు అని పోయించుకునేదే అది. యమహా, మెర్క్యురీ, సుజుకీ అవుట్‌బోర్డు మాన్యువళ్ళు తిరగేస్తే 10 శాతం దాటిన పెట్రోలు వాడొద్దని ఉంటుంది. అమెరికాలో 15 శాతం పెట్రోలు అమ్మే పంపు మీద బోట్లకి పొయ్యకూడదని లేబులు అంటిస్తారు. 2011లో అక్కడి ప్రభుత్వ ప్రయోగశాల మెర్క్యురీ ఇంజన్లని 15 శాతం మీద ఫుల్ థ్రాటిల్‌లో 300 గంటలు తిప్పించాలని పెట్టింది. వాటిలో 200 హార్స్‌పవర్ టూ స్ట్రోకు ఆ గంటలు పూర్తికాకముందే రాడ్ బేరింగు పోయి ఆగిపోయింది. అందుకు ఇథనాలే కారణమని తేలలేదు, ఆయిలు మీద ఇథనాల్ ప్రభావం ఇంకా పరీక్షించాలని రాశారు. నాకు మాత్రం మన బేరింగులకి ఆయిలు విషయంలో పిసినారితనం పనికిరాదని చెప్పడానికి ఆ ఒక్కటి చాలు.

అంటే 20 శాతం మీద మన ఇంజన్లు నడవవా? నడుస్తా ఉన్నాయి, రోజూ కాశిమేడు నుంచి పోతా వస్తా ఉన్నాయి. రోజూ పోసి రోజూ కాల్చేవాళ్ళకి రబ్బరు, జెట్టు (కార్బరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం బిళ్ళ) ఈ రెండు చూసుకుంటే గడిచిపోతుంది. నిలవ పెట్టిన పెట్రోలే ప్రాణం తీసేది.

జెట్టు సంగతి ఎందుకంటే, ప్లగ్గు సున్నం తెలుపు అన్నావు. ఇథనాల్లో ఆక్సిజన్ ముందే ఉంటుంది. ఉట్టి పెట్రోలు కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలంటే, 20 శాతం కలిసినదానికి 13.5 దగ్గర చాలు. కార్బరేటర్ జెట్టుకి ఆ సంగతి తెలియదు, పాత లెక్కనే పోస్తుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, ఇంజను వేడి. దానికి తోడు దారి మూసుకుపోయి ఇంకా తక్కువ అందుతోంది. ముందు దారి బాగుచెయ్యి. ఆ తర్వాత కూడా ప్లగ్గు తెల్లగానే వస్తే మెయిన్ జెట్టు ఒక్క సైజు పెంచుకో. దారి బాగుచెయ్యకుండా జెట్టు మార్చొద్దు, ఏది దేనివల్ల బాగుపడిందో తెలియకుండా పోతుంది.

కోవళం తమ్ముడు చెప్పిన ఫిల్టర్ మంచిది, పెట్టించుకో. మందు సీసా మాట మాత్రం వద్దు. విడిపోయిన పెట్రోలుని మళ్ళీ కలిపే మందు ఏదీ లేదు. కిరసనాయిలు అసలే వద్దు. కిరసనాయిలు మీద నడిచే అవుట్‌బోర్డులు వేరు, వాటిని తక్కువ కంప్రెషన్‌తో కడతారు, పెట్రోలుతో స్టార్టు చేసి తర్వాత మారుస్తారు. మామూలు పెట్రోలు ఇంజన్లో కలిపితే లోపల టకటకా కొట్టి పిస్టన్ నెత్తి పగులుతుంది.

అడయారు కెమిస్ట్రీ:

కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, బోట్ల గురించి నాకు తెలిసింది తక్కువ. మెకానిక్ గారు చెప్పిన సంగతులతో ఏకీభవిస్తూనే ఒక విషయం సరిచూడాలనిపించింది.

ఇథనాల్ గాలిలో తేమ పీల్చి చెడిపోతుందని అందరూ రాస్తుంటారు. లెక్క వేసి చూడండి. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ పట్టిన గాలిలో ఘనపు మీటరుకి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మీ ట్యాంకులో ఖాళీ 10 లీటర్లు అనుకుంటే అందులో మొత్తం నీరు 0.3 గ్రాములు, అంటే కొన్ని చుక్కలు. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 15 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని విడిపోకుండా ఇముడ్చుకోగలదు. 20 శాతం ఉన్నది ఇంకా ఎక్కువ ఇముడ్చుకుంటుంది. 14 లీటర్లు విడిపోవాలంటే కనీసం 70 మిల్లీలీటర్ల పైన నీరు పడాలి. చెన్నై గాలి ఎంత ఉక్కగా ఉన్నా, ఒక వానాకాలంలో ట్యాంకు ఊపిరి తీసి వదిలినంత మాత్రాన అంత నీరు చేరదు.

కాబట్టి ఆ నీరు ద్రవంగానే వచ్చింది. మూత రబ్బరు వాషర్ ఎండి పగిలి ఉందేమో, గాలి మర తెరిచి ఉందేమో, మూత చుట్టూ గుంటలో వాన నీరు నిలిచి ట్యాంకు చల్లబడ్డప్పుడు లోపలికి పీల్చుకుందేమో చూడండి. పగలు ఎండకి ట్యాంకు వేడెక్కి గాలి బయటికి పోతుంది, సాయంత్రం వాన పడి చల్లబడగానే పీల్చుకుంటుంది. ఆ సమయంలో మూత మీద నీరు నిలిచి ఉంటే గాలికి బదులు నీరే లోపలికి వెళుతుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, తేమే కారణమనుకుంటే చెన్నైలో మనం చేయగలిగింది ఏమీ ఉండదు. మూత వాషర్ కారణమైతే అది మార్చుకోవచ్చు.

ఇంకో సంగతి. ఇథనాల్ లేని పెట్రోల్లో నీరు దాదాపు కలవదు. గ్లాసు నీళ్ళు పడితే అడుగున గ్లాసు నీళ్ళే ఉంటాయి. 20 శాతం పెట్రోలు అలా కాదు. 14 లీటర్లలో ఇథనాలే 2.8 లీటర్లు ఉంది. హద్దు దాటాక అందులో చాలా భాగం నీటితో కలిసి కిందికి వస్తుంది. అంటే గ్లాసు నీరు లీటర్ల కొద్దీ కింది పొరని తయారుచేయగలదు. పైన మిగిలినదాంట్లో ఇథనాల్ తగ్గిపోతుంది కాబట్టి ఆక్టేన్, అంటే ఇంజను లోపల టకటకా కొట్టకుండా ఆపే గుణం, కూడా పడిపోతుంది. పై పొర బాగానే ఉంది కదా అని దాన్ని మోటార్ సైకిల్లో కూడా పోయకండి.

పెట్రోల్లో ఇథనాల్ ఎంతుందో ఇంట్లో తెలుసుకునే పరీక్ష చెబుతాను. 100 మిల్లీలీటర్ల గీతలున్న గాజు కొలజాడీ కొనుక్కోండి, ప్యారిస్ కార్నర్ వైపు ల్యాబు సామాను కొట్లలో దొరుకుతుంది. 10 గీత దాకా నీళ్ళు, 100 దాకా పెట్రోలు పోసి, మూసి బాగా కలిపి పది నిమిషాలు నిలబెట్టండి. ఇథనాల్ నీళ్ళలోకి దిగుతుంది. రెండింటి మధ్య గీత 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 19 దగ్గరికి వస్తే 10 శాతం, 28 దగ్గరికి వస్తే 20 శాతం. ఆయిలు కలపకముందే చేయండి, ఆరుబయట చేయండి, దగ్గర్లో పొయ్యి ఉండకూడదు.

ఎన్నూరు పడవ:

అన్నా, మేడమ్, ఇద్దరికీ నమస్కారాలు. మీరు చెప్పిన వరసలోనే చేశాం.

పక్కింటివాళ్ళ ట్యాంకూ ట్యూబూ తెచ్చి క్రీక్‌లో ఫుల్ థ్రాటిల్‌లో తిప్పాం. ఒక్కసారి కూడా తడబడలేదు. బాబాయి నమ్మలేక మా సెటప్ మళ్ళీ తగిలించి చూశాడు. కాసేపటికే బల్బు నొక్కుకుపోయింది.

తర్వాత ట్యాంకు అడుగునుంచి పచ్చడి సీసాలోకి తీశాం. అడుగున మూడొంతులు నీళ్ళలాంటిది, కొంచెం పాలవిరుగుడు రంగు, పైన ఓ వేలు మందం నీలం. మేము వాడే ఆయిలు నీలం రంగుదే. కింది పొరలో ఆ నీలం అసలు లేదు. బాబాయి ఆ సీసా పట్టుకుని చాలాసేపు చూశాడు, "ఇంతకాలం ఇంజనుకి ఆయిలు లేకుండా తాగించామా" అన్నాడు.

ట్యూబుని ట్యాంకు వైపు ముక్క కోసి నిలువుగా చీల్చాం. లోపలి పొర ఊడి పొడుగ్గా మడత పడి ఉంది, గోటితో లాగితే పొరలు పొరలుగా వచ్చింది. పీల్చే గొట్టం జల్లెడ మీద గోధుమరంగు జిగురు. మూత వాషర్ మేడమ్ చెప్పినట్టే పగుళ్ళు బారి ఉంది, వేలితో నొక్కితే తునకలు రాలాయి.

ఇప్పుడు అడగాల్సింది: ఆ కింది పొర పీల్చిన ఇంజను లోపల ఏమైనా పోయిందో లేదో విప్పకుండా తెలుస్తుందా? ట్యూబు ఏ రకం కొనాలి? బ్రాడ్వేలో అడిగితే ఒకాయన పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ గొట్టం చూపించి పెట్రోలుకి ఇదే అన్నారు. వచ్చే కార్తీకానికి పెట్రోలు ఏం చెయ్యాలి?

కాశిమేడు మెకానిక్:

సంతోషం తమ్ముడూ. ఆ సీసా పారబొయ్యకుండా కొన్నాళ్ళు మూత పెట్టి నీడలో ఉంచు, మీ పేటలో మిగతావాళ్ళకి చూపించు. నేను ఎంత చెప్పినా రాని నమ్మకం అది చూస్తే వస్తుంది. మిగిలిన పాత పెట్రోలు మాత్రం క్రీక్‌లో పొయ్యొద్దు, ఇప్పటికే ఆ నీళ్ళు చాలా మోస్తున్నాయి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి పాత ఆయిలు కొనేవాళ్ళకి ఇవ్వు.

లోపల సంగతి. ముందు ప్లగ్గులు తీసి కంప్రెషన్ గేజి పెట్టి చూడు. రెండు సిలిండర్ల మధ్య తేడా పదో వంతు లోపుంటే పిస్టన్లు, రింగులు బాగున్నట్టే లెక్క. తర్వాత ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కొంచెం టూ స్ట్రోక్ ఆయిలు వేసి చేత్తో నెమ్మదిగా తిప్పు. గరగరమన్నా, ఎక్కడైనా పట్టినట్టున్నా ఆపి నా దగ్గరికి తీసుకురా, బేరింగులు చూడాలి. నున్నగా తిరిగితే తాజా పెట్రోలుతో మొదటి ట్యాంకు నింపి, దాంట్లో లీటరుకి 20 మిల్లీలీటర్లకి బదులు 40 ఆయిలు కలుపు. పొగ వస్తుంది, రానీ. అది అయిపోయాక మళ్ళీ 20కి రా. ఆయిలు డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. మోటార్ సైకిలుకి వాడే టూటీ ఆయిలు నీళ్ళతో చల్లబడే మన ఇంజన్లకి కాదు, లోపల బూడిద కడుతుంది.

పారదర్శక గొట్టం వద్దు. కొత్తలో మెత్తగా ఉంటుంది, ఇథనాల్ తగిలితే కర్రలా బిగుస్తుంది, చివర్లో పగిలి గాలి లాగుతుంది. ట్యూబు మీద ఎస్ఏఈ జె1527 అనో ఐఎస్ఓ 7840 అనో ముద్ర ఉన్నది అడుగు. ధర ఎక్కువే. బల్బు, రెండు కొసల కనెక్టర్ల ఓరింగులు కూడా దాంతోపాటే మార్చు. పెట్రోలు పంపు డయాఫ్రం కిట్టు, కార్బరేటర్ నీడిల్ సీటు కూడా వేయించు, ఇంజను వయసు చూస్తే అవి కూడా పాత రబ్బరే. గిన్నెలో కనిపించిన తెల్లపొడి ఆ తడి పొర అల్యూమినియాన్ని తినగా వచ్చింది. ఇత్తడి జెట్ల సన్న రంధ్రాల్లో ఏమైనా ఇరుక్కుందేమో వెలుతురుకి పెట్టి చూడు, తీగ పెట్టి పొడవొద్దు. ఇవన్నీ కలిపినా కొత్త ఇంజను ధర పక్కన పెట్టి చూస్తే లెక్కలోకి రాదు.

ఇంకో మాట, ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. కొత్త బోటు కట్టించేటప్పుడు పెట్రోలు ట్యాంకు కూడా ఫైబర్‌తోనే పోసెయ్యమని అడిగేవాళ్ళు ఉన్నారు. పాత పాలిస్టర్ రెసిన్‌ని ఇథనాల్ కరిగిస్తుంది, అది ఇంజన్లోకి పోయి నల్లగా గడ్డకడుతుంది. ప్లాస్టిక్ ట్యాంకే పెట్టుకోండి.

ఇకముందు పెట్రోలు. వేట ఉన్న రోజుల్లో పంపులో వచ్చేదే పొయ్యి, కానీ ఆ వారానికి కావాల్సినంతే. రద్దీగా అమ్ముడుపోయే పంపులో పోయించుకో, ట్యాంకరు దిగిన వెంటనే కాకుండా. ఒక సంగతి మీ బాబాయికి తప్పకుండా చెప్పు. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండొంతులే. 20 శాతం కలిస్తే లీటరుకి సుమారు 7 శాతం తక్కువ శక్తి. పాత అలవాటు ప్రకారం ఇంత పోస్తే ఇంత దూరం పోయి రావచ్చనే లెక్క ఇప్పుడు పనిచెయ్యదు. తిరుగు దారికి అదనంగా ఒక డబ్బా పెట్టుకోవాలి, మూత గట్టిది.

కార్తీకంలో బోటు గట్టెక్కేటప్పుడు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి తుడిచి, ఆరబెట్టి ఇంట్లో పెట్టు. సగం పెట్రోలుతో వదలొద్దు. ఇంజను ఆపే చివరి రోజు ట్యూబు పీకేసి, కార్బరేటర్లో ఉన్నది అయిపోయేదాకా తిప్పి, గిన్నె అడుగు మర విప్పి మిగిలింది కూడా దించు. కొంచెం పెట్రోలు ఉంచక తప్పదంటే 100 ఆక్టేన్ పెట్రోలు ఉంది, ఇథనాల్ కలపనిదని నిలవకి వాడేవాళ్ళు ఉన్నారు. ధర చాలా ఎక్కువ, రోజువారీ వేటకి గిట్టదు. ఏ పంపులో తెచ్చినా మేడమ్ చెప్పిన కొలజాడీ పరీక్ష చేశాకే ట్యాంకులో పొయ్యి.

మేడమ్, ఆ మూత వాషర్ లెక్క నాకు కొత్త. ఇన్నాళ్ళు నేను కూడా తేమనే అంటూ వచ్చా. ఇకనుంచి నా దగ్గరికి ట్యాంకు వస్తే ముందు మూత విప్పి చూస్తా.

ఎన్నూరు పడవ:

కంప్రెషన్ రెండు సిలిండర్లకీ దాదాపు ఒకేలా వచ్చింది అన్నా, చేత్తో తిప్పితే నున్నగా ఉంది. జె1527 ముద్ర ఉన్న ట్యూబు దొరికింది, డయాఫ్రం కిట్టు ఆదివారం వేస్తాం. జెట్టు ఇప్పుడే మార్చట్లేదు, కొత్త ట్యూబుతో ట్యాంకు పూర్తయ్యాక ప్లగ్గు ఫోటో ఇక్కడే పెడతాను. మూతకి కొత్త వాషర్ వేశాం.